ఒళ్ళో లాంచీ

మెల్లగా పొమ్మంటే వినడు, గుంత వచ్చిన ప్రతిసారీ బ్రేకు వేసి వెనక్కి తిరిగి చూస్తాడు, నన్ను కాదు, నా ఒళ్ళో ఉన్నదాన్ని, దానికేమైనా తగిలిందా అని. ఇదే స్కూటరు మీద నుంచి బర్కత్‌పురా మలుపులో నేను జారిపడ్డ రోజున ఈయన వీధి చివరిదాకా పోయాడు, అడిగినదానికి వెనక నుంచి జవాబు రావడం లేదేమిటా అని అప్పుడు తిరిగి చూశాడు. ఇప్పుడెంత శ్రద్ధో. మూడడుగుల ఆవిరి లాంచీ, టేకు చెక్క ఒళ్ళు, రాగి బాయిలరు, ఇత్తడి పొగగొట్టం, నల్ల రంగు మీద ఎర్ర గీత, పక్కన తెల్లటి అక్షరాలతో మహాలక్ష్మి అని పేరు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో తోక పట్టుకుని కూర్చున్నాను, ఇక నేను దేన్ని పట్టుకోవాలన్నది ఆయన లెక్కల్లో లేదు. లాంచీ ముక్కు ఆయన ఎడమ చంక కింది నుంచి ముందుకు పొడుచుకొచ్చింది, గేరు మార్చినప్పుడల్లా మోచెయ్యి దానికి తగులుతుంది, ‘సారీ’ అంటాడు, నాకు కాదు. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కన ఆగిన ఆటో అబ్బాయి తల బయటపెట్టి మరీ చూశాడు. “అక్కా, ఏందిది?” లాంచీ అన్నాను. “ఉత్త బొమ్మనా, నడుస్తదా?” ఆవిరితో నడుస్తది అన్నాను, ఎంతైనా మా ఇంటి వస్తువు, తగ్గించి చెప్పలేను కదా. “నడిచేదాన్ని స్కూటర్ మీద ఎందుకు మోస్తున్నరక్కా, దాన్నే ఎక్కి పోతే అయిపాయె,” అని వాడు ఎంచక్కా వెళ్ళిపోయాడు. ఈయన వీపు బిగుసుకుంది. వినిపించిందన్నమాట.

వీపు పొద్దుటి నుంచీ అలాగే ఉంది. స్నానానికి వెళ్ళి వచ్చేసరికి నేను దానికి పూజ చేసి ఉంచాను, అదీ తప్పే. కొత్త బండి తొలిసారి గుమ్మం దాటుతుంటే పసుపు కుంకుమ పెట్టకుండా ఎవరైనా పంపుతారా, మా నాన్న సైకిలు కొంటేనే కొబ్బరికాయ కొట్టించాడు. ముక్కు మీద పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, దిష్టి తగలకుండా దారానికి నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు గుచ్చి ముందు కట్టాను. తువ్వాలు చుట్టుకునే వచ్చి అరిచాడు. “ఇది వాహనం కాదు మనోరమా, మోడల్!” నడుస్తదా నడవదా అని అడిగాను. నడుస్తుంది అన్నాడు. “నడిస్తే వాహనమే,” అన్నాను. వెంటనే దండ తీసేశాడు, ముందు బరువైతే ముక్కు మునుగుతుందట, నిమ్మకాయ కూడా విప్పి నా చేతిలో పెట్టాడు, ఏదో తప్పు చేసిన పిల్లకు బుద్ధి చెప్పినట్టు. అలా విప్పిన దిష్టికాయను చెత్తబుట్టలో వేస్తానా. ఆయన స్కూటరు తీయడానికి వెళ్ళగానే లాంచీ వెనక పక్కన, దాని గుడ్డ పందిరి కింద, కనబడకుండా కట్టేశాను. అక్కడ ఓ చిన్న ఇత్తడి కడ్డీ ఉంది, చివర చిల్లు కూడా ఉంది, కట్టుకోమని పెట్టినట్టే ఉంది. ముందు బరువైతే కదా ముక్కు మునిగేది, వెనక కడితే ఏమవుతుంది.

చిక్కడపల్లి వచ్చింది. హోటల్లోంచి సాంబారు వాసన, గుడి దగ్గర చెప్పులు విప్పుతున్న జనం, లైబ్రరీ తలుపు తెరవకముందే మెట్ల మీద కూర్చుని చేతులు నలుపుకుంటున్న పెద్దమనుషులు, తెరవగానే పేపర్ మీద పడాలని. ఈయన కూడా ఒకప్పుడు ఆ మెట్ల మీద కూర్చున్నాడు. పేపర్ కోసం కాదు, ఇంట్లో కూర్చోలేక. ఇద్దరం టెలిఫోన్ల ఆఫీసులోనే, నేను ట్రంకు కాల్స్ బోర్డు మీద, ఈయన మెకానిక్. నా బోర్డు పాడైనప్పుడల్లా స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చేవాడు, తర్వాత్తర్వాత పాడవకపోయినా వచ్చేవాడు, గోదావరి జిల్లా మనిషి, నారాయణగూడ పిల్లతో ఏం మాట్లాడాలో తెలియక వైర్ల గురించి మాట్లాడేవాడు, నేను ఆ వైర్లలో పడిపోయాను. పాత ఎక్స్ఛేంజిలో గదుల నిండా బీరువాల్లాంటి యంత్రాలు, ప్రతి కాల్‌కూ టకటకటక కొట్టుకునేవి, ఏ చప్పుడు తేడాగా ఉన్నా ఈయనకు నడవాలోంచే తెలిసిపోయేది. తర్వాత కంప్యూటర్ ఎక్స్ఛేంజి వచ్చింది, చల్లటి గది, చప్పుడు లేదు, పాతవన్నీ లారీల్లో ఎత్తుకుపోయారు. ఈయనకు కుర్చీ ఇచ్చారు, జీతం ఇచ్చారు, పని మాత్రం ఇవ్వలేదు. నన్ను బిల్లుల సెక్షన్లో వేశారు, నాకేం, నేను ఎక్కడైనా మాట్లాడుకుంటాను. ఈయన నోరు మూతపడింది. అన్నం తిని గోడవైపు తిరిగి కూర్చునేవాడు, ఉప్పు తక్కువైందా అంటే తల ఊపేవాడు, ఎక్కువైందా అంటే కూడా ఊపేవాడు. మా అమ్మాయి తన్మయి పదో తరగతిలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న రోజున కూడా తల ఊపాడు. అంత చిన్న మనిషి కాదే ఈయన అని పక్కగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ గోడవైపు నుంచే ఒకరోజు మాట వచ్చింది. “మహాలక్ష్మి పొగగొట్టానికి ఎన్ని పట్టీలుండేవి?” అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది, మహాలక్ష్మి ఎవరు అన్నాను. వాళ్ళ నాన్న సరంగుగా నడిపిన లాంచీ అట, గోదావరి మీద, యజమాని భార్య పేరు పెట్టారట, ఈయన ఎనిమిదేళ్ళ వయసులో సెలవులన్నీ దాని ఇంజను పక్కనే గడిపాడట. ఆ సాయంత్రమే మా పాత బీరువా తలుపు ఊడదీశాడు, టేకు మంచిదట. అంతే, ఆ తర్వాత నా సంసారంలోకి ఇత్తడి రజను వచ్చి చేరింది, దుప్పట్లలో ఇత్తడి, ఇడ్లీ పిండిలో ఇత్తడి, తలదువ్వుకుంటే ఇత్తడి. గ్యాస్ పొయ్యి మీద రాగి ఎర్రగా కాల్చి అతుకులకు మాటు వేస్తుంటే పాలు కాగడానికి సాయంత్రందాకా ఆగాల్సి వచ్చేది. నా రాగి చెంబుల మీద ఈయన చూపు పడకుండా అవన్నీ అటక మీదికి ఎక్కించాను. బొమ్మ గీసుకోవడానికి అసలు లాంచీ కొలతలు లేవు, ఉన్నది జ్ఞాపకం, అది కూడా చిన్నప్పటిది, కటకటాలు నా ముక్కుదాకా వచ్చేవి అంటాడు, ఇంజను నా నెత్తి మీద ఇంకో జానెడు ఉండేది అంటాడు. అందుకని పక్కవాటాలో కుసుమ వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్లను గోడకు నిలబెట్టి ముక్కు ఎత్తు కొలిచాడు. కుసుమ వచ్చి, ఏం కుట్టిస్తున్నరు వదినా మా పిల్లకు అని అడిగింది, లాంచీ అని ఎలా చెప్పను, లంగా జాకెట్టు అన్నాను, చివరికి దసరాకు కుట్టించాల్సి వచ్చింది. అడుగుకు అరంగుళం చొప్పున కుదించి కట్టిందంతా ఆ పిల్ల ముక్కు కొలతే. ఎన్ని తిట్టుకున్నా ఒకటి మాత్రం నిజం, రాత్రి అన్నం దగ్గర ఈయన మాట్లాడేవాడు, పిస్టన్ గురించే కానీ మాట్లాడేవాడు. అన్నంలో ఇత్తడి తగిలినా నమిలేసేదాన్ని.

అశోక్ నగర్. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు, ఒకడు ఇంకొకణ్ణి మోచేత్తో పొడిచి మమ్మల్ని చూపిస్తున్నాడు, చూడండి నాయనా, మీరు చదివి ఆఫీసర్లు కండి, మేము ఇలా ఉన్నాం. ఇంకో రెండు మలుపులు తిరిగితే ఇందిరా పార్కు. ఎంత దగ్గరికి వస్తుంటే నాకు అంత బరువెక్కుతోంది, లాంచీ కాదు, లోపల. ఎందుకంటే రాత్రి ఈయన ఒట్టు వేశాడు. ఇప్పటిదాకా పెరట్లో నీళ్ళ హౌజులో ఎన్నిసార్లు వదిలినా అదే వరస, ఠీవిగా బయలుదేరుతుంది, హౌజు మధ్యకు రాగానే సుయ్ మని ఆవిరి బయటికి పోతుంది, ఆగిపోతుంది, నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన బిందెలన్నీ నవ్వుతాయి. నిన్న కూడా అలాగే అయింది. ఇంట్లోకి వచ్చి చేతులు తుడుచుకుంటూ, “రేపు పార్కు చెరువులో ఒక్క చుట్టు పూర్తిగా తిరగకపోతే పాతసామాన్ల కాటావాడికి వేసేస్తాను, అయిపోతుంది,” అన్నాడు, అంత మామూలుగా. దేవుడా, ఈ మాట కోసమే కదా ఎన్నాళ్ళ నుంచో మొక్కుతున్నాను, వరండా ఖాళీ, పొయ్యి ఖాళీ, అటక మీది నుంచి నా చెంబులు కిందికి. సంతోషంతో నిద్రపట్టకూడదు అసలైతే. నిద్రపట్టని మాట నిజమే, సంతోషం మాత్రం ఎక్కడా కనబడలేదు, కళ్ళు మూస్తే గోడవైపు తిరిగి ఉన్న ఆ వీపే. తిరుగు తల్లీ, ఒక్క చుట్టు తిరుగు, నీకింకో దిష్టికాయ కడతాను, పొరపాటున నిన్ను పాడుముండ అని తిట్టానే అనుకో, మనసులో పెట్టుకోకు.

పార్కులో మా తమ్ముడు ప్రహ్లాద్ ముందే వచ్చి ఉన్నాడు, అంబర్‌పేట్ నుంచి ఆదివారం నిద్ర మానుకుని, వాడి స్నేహితుడి లేతు షాపులోనే కదా దీని చక్రాలూ కడ్డీలూ తిరిగింది, కాబట్టి ఇందులో తనకూ వాటా ఉందనుకుంటాడు. వాచ్‌మన్‌ను వాడే ఒప్పించాడు, జనం ఎక్కే బోట్లు నీళ్ళలోకి వదలకముందు కాసేపు అని. ఈయన గట్టు మీద తువ్వాలు పరిచి మహాలక్ష్మిని దించాడు, పసుపు బొట్లు చూసి పెదవి బిగించాడు, తుడవలేదు. త్వరగా ఆవిరి పట్టాలని ఇంటి నుంచి ఫ్లాస్కులో మరిగే నీళ్ళు తెచ్చాడు, ఈయన స్పిరిట్ దీపం సర్దుకునేలోపు ప్రహ్లాద్ ఆ నీళ్ళు మూతలో వంచుకుని నోట్లో పోసుకుని ఎగిరి గంతేశాడు. “చాయ్ అనుకున్న బావా!” సగం నీళ్ళు వాడి చొక్కా మీదే. మిగిలినవి ఈయన బాయిలర్లో పోసి దీపం వెలిగించాడు. ఇక కూర్చోవడమే. ఆవిరి ఎప్పుడు పడుతుందా అని ముగ్గురం గట్టు మీద గొంతుక్కూర్చుని బాయిలర్ మీద ఆవిరి కొలిచే చిన్న గడియారం ముల్లును చూస్తున్నాం, ఎసరు పెట్టి కూర్చున్నట్టే, అన్నం ఉడికేటప్పుడు నేను ఇంత భక్తిగా ఎన్నడూ కూర్చోలేదు. వాకింగ్ వాళ్ళు ఆగి చూసి పోతున్నారు. ఈయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను, నలుగురూ ఉన్నారని ఊరుకున్నాను. ముల్లు గీత దాటింది. చుక్కాని ఒకవైపు తిప్పి బిగించాడు, చెరువంతా చుట్టి మళ్ళీ ఇక్కడికే రావాలని, రెండు చేతులతో నీళ్ళ మీద పెట్టి, కొంచెంసేపు అలాగే పట్టుకుని, వదిలాడు.

పోతోంది. టుక్ టుక్ టుక్ మంటూ, పొగగొట్టంలోంచి సన్నగా ఆవిరి వదులుతూ, పెద్దింటి కోడలు పేరంటానికి పోతున్నట్టు పోతోంది. ఇదిగో ఇక్కడే సుయ్ మనాలి, అనలేదు, ఇంకాస్త పోయింది, అనలేదు. “అదేమిటి, ఇంకా సుయ్యనలేదే,” అన్నాడు, సంతోషంగా కాదు, అనుమానంగా. ఏందది సుయ్యనేది అని ప్రహ్లాద్ అడిగాడు, అడగకపోయినా ఈయన చెప్పేవాడే. “సేఫ్టీ వాల్వు. వెనక, పందిరి కింద చిన్న ఇత్తడి కడ్డీ ఉంటుంది, చివర చిల్లు. ఆవిరి ఎక్కువైతే ఆ కడ్డీ పైకి లేస్తుంది, ఎక్కువైనది బయటికి పోతుంది. మన కుక్కర్ మీద బరువు లేదూ, అలాంటిదే.” చివర చిల్లు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. “మరి లేవకుంటే?” అంటున్నాడు మా తమ్ముడు, వీడికి ఇప్పుడే రావాలా ఇంత జ్ఞానం. “ఎందుకు లేవదు? ఎవరైనా దానికి బరువు కట్టి వేలాడదీస్తే తప్ప. అలా చేస్తే బాయిలర్ పేలుతుంది. మా నాన్న చెయ్యి అలాగే కాలింది, వేరే లాంచీలో. అందుకే నేను ఎంతో తేలిగ్గా లేచేట్టు పెట్టాను.” కుసుమ వాళ్ళింట్లో కుక్కర్ పేలినప్పుడు పప్పు పైకప్పుకు అతుక్కుపోయి, సున్నం వేసినా పసుపు మరక పోలేదు. ఇక్కడ పైకప్పు కూడా లేదు. చెబితే ఏమంటాడో, చెప్పకపోతే ఏమవుతుందో, వాకింగ్‌కు వచ్చిన ఒక ముసలాయన సరిగ్గా అటువైపు గట్టు మీదే నిలబడ్డాడు. “ఏమండీ,” అన్నాను, నా గొంతు నాకే వినిపించలేదు, “ఏమండీ, నిమ్మకాయ ఆ కడ్డీకే కట్టిన.”

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నన్ను చూశాడు, చెరువును చూశాడు, “కూర్చోండి! అందరూ కింద కూర్చోండి! పెద్దాయనా, మీరు కూడా!” అని కేక వేసి నా భుజం నొక్కి సిమెంటు బెంచీ వెనక కూలేశాడు. ప్రహ్లాద్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ముగ్గురం బెంచీ వెనక తలలు దాచుకుని కూర్చుంటే, అటుపక్క ముసలాయన ఎందుకో తెలియకపోయినా మర్యాదగా గట్టు మీద చతికిలపడ్డాడు. చప్పుడు వినిపిస్తోంది, టుక్ టుక్ కాదు ఇప్పుడు, టకటకటక, ఒకదాని మీద ఒకటి పడి. ఈయన తల మెల్లగా పైకి లేచింది. లాగాను. మళ్ళీ లేచింది. ఆ చప్పుడుకు ఈయన ముఖం ఎలా మారిందో నేను చూశాను, పాత ఎక్స్ఛేంజి నడవాలో నిలబడి ఒక చెవి వాల్చి వినేవాడే, అదే ముఖం, భయం ఇంకా పూర్తిగా పోలేదు, దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. మహాలక్ష్మి ముక్కు ఎత్తుకుని, పసుపు మొహంతో, రెండు పక్కలా నీళ్ళు చీల్చుకుంటూ చెరువు అవతలి గట్టు వెంట తిరిగి మావైపు వస్తోంది, పందిరి కింద నిమ్మకాయ ఊగుతోంది. వచ్చింది. వదిలినచోటు దాటింది. దాటి, ఆగకుండా, రెండో చుట్టుకు బయలుదేరింది. ఈయన లేచాడు, చెప్పులు వదిలేసి గట్టు వెంట పరుగెత్తాడు, చేతులు ఊపుతూ, “పక్కకు! పక్కకు! లాంచీ వస్తోంది!” అని, నీళ్ళలో ఎవరున్నారని, రెండు బాతులు తప్ప. ప్రహ్లాద్ వెనకాల ఈలలు వేస్తూ పరుగు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఏది ఎక్కడ మొదలయిందో తెలియలేదు. రెండో చుట్టు సగంలో కడ్డీ నిమ్మకాయతో సహా లేచింది, సుయ్ మంది, స్పిరిట్ కూడా అయిపోయినట్టుంది, మెల్లగా గట్టుకు వచ్చి ఆనుకుంది.

ఈయన నిమ్మకాయ విప్పి అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. “లెక్క తప్పినవ్ బావా,” అన్నాడు ప్రహ్లాద్. “లెక్క తప్పలేదు ప్రహ్లాదూ,” అన్నాడు, “భయం ఎక్కువైంది. ఇంత బరువూ బాయిలర్ మోస్తుంది, టెస్టు కూడా చేశాను, అయినా వాల్వు మీద అంత బరువు పెట్టలేకపోయాను.” ప్రహ్లాద్ వాచ్‌మన్‌కు ఈ సంగతంతా చెప్పడానికి పోయాడు, అప్పుడే తన వాటా కలిపి చెబుతున్నాడు. ఈయన వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. ఇద్దరం చెరువును చూస్తున్నాం. “తిరిగింది,” అన్నాడు. తిరిగింది అన్నాను. “అయిపోయింది మనోరమా,” అన్నాడు. ఆ మాట అన్న తీరుకు పక్కకు తిరిగి చూశాను. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, వేళ్ళు ఏమీ పట్టుకుని లేవు, చూపు నీళ్ళ మీద ఉంది కానీ నీళ్ళను చూడటం లేదు. నాకు తెలుసు ఆ చూపు. ఎంత పిచ్చిదాన్ని, రాత్రంతా తిరగకపోతే ఎట్లా అని కుమిలానే కానీ తిరిగితే ఏమవుతుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఓడిపోతే కాటావాడు తీసుకుపోతాడు, గెలిస్తే షోకేసులో పెడతాం, ఎటు పోయినా ఈ మనిషికి రేపు పొద్దున చేతిలో పని ఉండదు. వరండా ఖాళీ అవుతుంది, పొయ్యి ఖాళీ అవుతుంది, ఈయన గోడవైపు తిరుగుతాడు. తిరగనివ్వను. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి, ఇంకాసేపయితే నోరు మూతపడుతుంది. లాంచీని ముక్కు నుంచి తోకదాకా చూశాను, ఎక్కడా వంక లేదు, ఏం మనిషి, పట్టీలూ మేకులూ అన్నీ పెట్టాడు, ఒక్క తప్పైనా చేసి చావొచ్చు కదా.

“ఏమండీ,” అన్నాను, “కూత ఏది?”

“కూతేంటి?”

“రేవు దగ్గరికొస్తే లాంచీ కూత వెయ్యదా? జనానికి ఎట్ల తెలుస్తది మల్ల? మీ నాయన లాంచీకి కూత లేకుండెనా?”

తల ఊపుతాడేమోనని నా ప్రాణాలు గిలగిల్లాడాయి. “ఉండేది,” అన్నాడు తర్వాత, “రెండు గొంతులు. ఒకటి లావు, ఒకటి సన్నం, రెండూ కలిసి వచ్చేవి. రేవుకు అర మైలు ఉందనగా నాన్న గొలుసు లాగేవాడు, ఇలా,” అని, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, ఇందిరా పార్కులో, ఆదివారం పొద్దున, అంతమంది మధ్య, బూఁ అని కూశాడు. అటుపక్క ముసలాయన మళ్ళీ చతికిలపడ్డాడు. “కానీ కూతకు ఆవిరి చాలా పోతుంది. ఈ బాయిలర్ సరిపోదు. పెద్దది చెయ్యాలి. పెద్దది పెడితే ఈ ఒళ్ళు ఆగదు, మునుగుతుంది. ఒళ్ళు కూడా...” అని ఆగి నావైపు చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు, భయపడుతున్నట్టు. పెద్ద ఒళ్ళంటే ఇంకో బీరువా తలుపు. ఇంకెన్నేళ్ళో, ఇంకెంత ఇత్తడో, నా నోటితో నేనే కదా అడిగాను.

“మరి చేయుండ్రి,” అన్నాను. గబుక్కున లేచి చెప్పులు వేసుకున్నాను. కోపమొచ్చిందనుకున్నాడు కాబోలు, స్కూటరు స్టార్ట్ అయ్యేదాకా కిక్కురుమనలేదు. ఆ తర్వాత నారాయణగూడ వచ్చేదాకా మాట ఆపలేదు.